ఈలమాస్టారి ఊపిరి

ఈలమాస్టారికి కోపం ముక్కు మీదే ఉంటుంది, ఈల మెడలో ఉంటుంది. ఏళ్ళ తరబడి ఊరి ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతున్నాడు. కట్టుకున్న భార్యను కూడా ఆ స్టీలు ఈలను ముట్టుకోనివ్వడు. ఈల ఎవరి మెడలో ఉంటే మాట వాళ్ళది, అదీ కొలను దగ్గర ఆయన పెట్టిన చట్టం. సహాయానికి ఎందరో కోచ్‌లు వచ్చారు, పోయారు. ఈల మాత్రం చేతులు మారలేదు.

అంతటి మాస్టారికి ఒక్కటే తలవంపు. ఊళ్ళో సగం మందిని ఈదించినవాడి కన్నకూతురికి ఈత రాదు. చిన్నప్పుడు కొలను గట్టు పట్టుకుందంటే ఉడుంపట్టే, విడిపించడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాస్టారు చటుక్కున మాట మార్చేవాడు. పక్కనే నిలబడి ఆ మాట మార్చడం వింటూ పెరిగింది కూతురు. పెద్దయ్యాక ఆస్పత్రిలో సీటీ స్కాన్ టెక్నీషియన్ అయింది. రోజూ ఎందరివో గుండెల బొమ్మలు తీస్తోంది. అయినా "అక్కడ నువ్వేం చేస్తావమ్మా?" అని తండ్రి ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ ఉదయం మాస్టారు కొలను మెట్లెక్కుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. భార్య ఆయన గోల చెవిన పెట్టకుండా కారెక్కించి ఆస్పత్రికి లాక్కొచ్చింది. ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరు ఎవరో కాదు, మాస్టారి చేత చెవులు మెలిపెట్టించుకుని ఈత నేర్చుకున్న పాత శిష్యుడే.

"ఈసీజీ బాగుంది మాస్టారూ, రక్తపరీక్ష కూడా బాగానే ఉంది."

"మరింకేం? గ్యాసే అయ్యుంటుంది. మధ్యాహ్నం మా పిల్లలకి పోటీలున్నాయి, నే పోతా." మాస్టారు అప్పుడే మంచం దిగబోయాడు.

"ఆగండి. నొప్పి ఎందుకొచ్చిందో ఆ రెండూ చెప్పలేదుగా. ఇలా ఎటూ తేలనివాళ్ళకే గుండెకి సీటీ స్కాన్ తీస్తాం. రక్తనాళాల్లో అడ్డేమీ లేదంటే హాయిగా ఇంటికెళ్ళండి. ఉందంటే మాత్రం ఇక్కణ్ణించి కదలనివ్వను. స్కాన్ మీ అమ్మాయే తీస్తుంది."

"అదా?" అన్నాడు మాస్టారు.

తలుపు దగ్గరున్న కూతురికి ఆ ముక్క చురుక్కున తగిలింది. దులిపేసుకుంది. తండ్రి గుండె మీద బెంగ ఒకవైపు పీకుతుంటే అలగడానికి తీరిక ఎక్కడిది?

స్కాన్ గదిలో ముందు ఈల దగ్గరే పేచీ వచ్చింది. ఛాతీ మీద లోహం ఉండకూడదంది ఆమె. మాస్టారు ఈలను పిడికిట్లో బిగించి, అడిగితే ఆస్తి రాసిచ్చేలా ఉన్నాడు కానీ దాన్ని ఇచ్చేలా లేడు. చివరికి ఆమే వేలు వేలూ విడదీసి తీసుకుని తన కోటు జేబులో వేసుకుంది. ఛాతీకి వైర్లు అంటించింది, చేతికి సూది పెట్టింది. నాడి నెమ్మదించడానికి ఇచ్చిన మందు అప్పటికే పనిచేస్తోంది. అద్దం వెనక తన గదిలోకి వెళ్ళి, డాక్టరు పక్కన కూర్చుని మైకు నొక్కింది.

"నాన్నా, ముందొకసారి ఊరికే చేసి చూద్దాం. ఊపిరి పీల్చి, ఆపు."

ఊపిరి మాట వినగానే మాస్టారిలో కోచ్ లేచి కూర్చున్నాడు. పోటీలో దూకబోతున్నట్టు గాలంతా లాగి, ఛాతీ విరిచి, మొహం కందగడ్డలా చేసుకుని బిగబట్టాడు. తెర మీద నాడి గతి తప్పి గంతులేసింది.

"అంత వద్దు నాన్నా. కొంచెం పీల్చి, మెల్లగా ఆపు చాలు."

"ఊపిరి సంగతి నాకు చెప్తున్నావా?" అని ఈసారి ఇంకా గట్టిగా బిగబట్టాడు. నాడి మళ్ళీ ఎగిరిపడింది.

కూతురికి తల ప్రాణం తోకకొచ్చింది. రక్తనాళాలు కనపడేందుకు సూదిలోంచి రంగుమందు ఒకసారి ఎక్కించాక ఆ కాసేపట్లోనే బొమ్మ పడాలి. గుండె ఇలా గింజుకుంటే బొమ్మ చెదురుతుంది, అడ్డు ఉన్నా కనపడదు. కనపడకపోతే ఈ మొండిఘటం పోటీలంటూ వెళ్ళి మళ్ళీ ఆ మెట్లే ఎక్కుతాడు. ఆమె లేచి విసవిసా లోపలికి వెళ్ళింది.

"నాన్నా, ఈల ఎక్కడుంది?"

మాస్టారి చేయి మెడను తడుముకుంది. "నీ జేబులో."

"మరి మాట ఎవరిది?"

సొంత చట్టం కదా, కాదనడానికి లేదు. మాస్టారు కూతురి మొహంకేసి చూశాడు. తర్వాత బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. "చెప్పు తల్లీ. ఎంత పీల్చమంటే అంతే."

"ఒళ్ళంతా వేడెక్కుతుంది, కంగారు పడకు" అంది మైకులో, రంగుమందు వదులుతూ. "కొంచెం పీల్చు. ఆపు." నాడి గడియారంలా నడిచింది. "ఇక వదిలెయ్."

బొమ్మ అద్దంలా వచ్చింది. గుండె ముందువైపు పెద్ద రక్తనాళం ఒకచోట దారమంత సన్నబడి ఉంది. తెర మీద ఆ చోట వేలు పెట్టి చూపించింది కూతురు. డాక్టరు అప్పటికే ఫోను అందుకున్నాడు. "మంచి సమయానికి దొరికింది. ఇప్పుడే స్టెంట్ వేయిద్దాం. ఇంత శుభ్రమైన బొమ్మ ఉంటే మాకు సగం పని అయిపోయినట్టే."

స్ట్రెచర్ కదిలేటప్పుడు డాక్టరు అక్కడి నర్సుకి పరిచయం చేశాడు. "మా ఈలమాస్టారు. నాకు ఈత నేర్పింది ఈయనే."

"అదలా ఉంచు" అన్నాడు మాస్టారు, వరండా మొత్తం వినపడేలా. "ఈమె మా అమ్మాయి. నా గుండెలో ఏముందో కనిపెట్టింది ఈవిడే. దీనికి ఈత రాదు. రాకపోతే ఏం?"

ఈసారి ఆయన మాట మార్చలేదు. కూతురికి కళ్ళు నిండిపోయాయి. ఈల తీసి అందించబోతే మాస్టారు చేయి చాచలేదు.

"మెడలో వేసుకో. నేను బయటికొచ్చేదాకా మాట నీది."

స్ట్రెచర్ స్టెంట్ వేసే గదిలోకి వెళ్ళింది, తలుపులు మూసుకున్నాయి. ఛాతీ నొప్పితో ఇంకొకాయన స్కాన్ గది బయట ఎదురుచూస్తున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి, ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టింది. ఆ స్కాన్ ముగిసేసరికి ఫోను మోగింది. డాక్టరు.

"స్టెంట్ పడింది. మాస్టారు నిక్షేపంగా ఉన్నారు, కానీ మా ప్రాణం తీస్తున్నారు. ఈల నువ్వు మెడలో వేసుకున్నావా, జేబులోనే పెట్టుకు తిరుగుతున్నావా అని ఒకటే గోల. ఏం చెప్పమంటావు?"

ఆమె మెడ దగ్గర చల్లగా తగులుతున్న స్టీలును వేళ్ళతో పట్టుకుంది.

"వేసుకున్నానని చెప్పండి" అంది.