ఒక్క దెబ్బ ఈరేష్ భార్య

ఉడికిన గుడ్లు ఒలిచి తెల్లసొన ఒక గిన్నెలోకి, పచ్చసొన ఇంకో గిన్నెలోకి వేస్తోంది సుప్రియ. తెల్లసొన మొగుడు ఈరేష్‌కు. అతను బాక్సర్. పచ్చసొన తింటే ఒళ్లు బరువెక్కుతుందని ట్రైనర్ చెప్పాడట. మరి ఆ పచ్చసొన ఏం కావాలి? పారేస్తే అత్త ఉరుకుందమ్మ ఊరుకోదు. కూతురు వర్షిణి నాలుగు రోజులు తిని ముఖం తిప్పేసింది. అందుకని రోజూ పొద్దున జొన్నరొట్టెలోకి నంజుకుని అవన్నీ సుప్రియే తింటుంది. ఈ ఇంట్లో బాక్సింగ్ అతనిది, అరగని కడుపు ఈమెది.

తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఈరేష్ వంటింటి గడపలోకి వచ్చాడు.

"ఇయ్యాల మధ్యాహ్నం వీడియో తీస్తం. అప్పుడు నేను కొట్టింది యాక్టింగే అని నువ్వే చెప్పాలె. ఎట్ల చేసినమో జరా చేసి చూపియ్యాలె. గంతే."

సుప్రియ చేతిలోని గుడ్డు పెంకుతో పాటు సగం ఊడొచ్చింది. ఎందుకంటే అది యాక్టింగ్ కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు, పక్కనే కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న అత్తకూ తెలుసు. అత్త తల ఎత్తలేదు.

రాయచూరు బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఈరేష్‌కు ముందు నుంచీ జనాన్ని ఆటపట్టించి వీడియోలు తీసే పిచ్చి ఉండేది. ఎవరినో ఒకరిని ఏడిపించడం, చివర్లో "అదిగో కెమెరా" అని వేలు చూపించడం. సుప్రియ పెళ్లికి ముందు మాన్విలో చిన్నాన్న స్టూడియోలో పెళ్లి వీడియోలు కోసి అతికించిన మనిషి. ఆ పనితనం ఇంట్లోకి ఊరికే వచ్చి పడింది. వీడియోలు తీసేది ఆమె, కోసేది ఆమె, పైన అక్షరాలు వేసేది ఆమె. పేరు మాత్రం అతనిది. యరమరస్ రోడ్డు మీద పోలీసు వేషం వేసి లారీలు ఆపినందుకు ఒకసారి, తను చచ్చిపోయినట్టు పుకారు పుట్టించి కన్నతల్లినే గుండెలు బాదుకునేలా చేసినందుకు ఇంకోసారి జనం తిట్టిపోశారు. తిట్లు పడ్డప్పుడల్లా తప్పైంది, క్షమించండి అంటూ ఒక మాఫీ వీడియో. దానికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసేది సుప్రియ, మాటలు రాసిచ్చేది సుప్రియ, అతని గొంతు వణికిన చోట వెనకాల సంగీతం పెట్టేదీ సుప్రియే. అసలు వీడియోల కన్నా మాఫీ వీడియోలనే జనం ఎక్కువ చూసేవారు. అతనికి సిగ్గు అనేది అలా లాభసాటి సరుకైపోయింది.

అతను కొట్టిన ఆ రోజు ఆట ఆమె మీద. పప్పుడబ్బాల వెనక ఫోను దాచి, ఆమె చేసిన కూరలో గుప్పెడు ఉప్పు కలిపి, అందరి ముందూ కంచం విసిరికొట్టాడు. పొద్దుటి నుంచి నిలబడ్డ కాళ్లతో ఉన్న సుప్రియ ఆట అని తెలియక, సిగ్గులేదా నీకు, తల్లి ముందర అన్నం విసురుతావా అని గట్టిగా అడిగింది. ఆ మాట పడలేక కొట్టాడు. ఆమె చెవిలో హోరు. ఒక్క క్షణం అతని ముఖం కూడా తెల్లబోయింది. మరుక్షణం అలవాటు కొద్దీ నవ్వేసి, డబ్బాల వైపు వేలు చూపించాడు. రెండు రోజులకు ఆ వీడియో కోయమని ఆమె చేతికే ఇచ్చాడు. తన చెంప మీద పడిన దెబ్బకు తనే డప్పు మోత పెట్టింది సుప్రియ. పని అనుకుంది. అంతే.

లక్షల మంది చూశారు. ఒక్క దెబ్బ ఈరేష్ అని పేరొచ్చింది. సుప్రియ కూరగాయలకు పోతే కుర్రాళ్లు చెంప పట్టుకుని చూపించేవాళ్లు. ఇంటర్నెట్‌లో పేరున్న వాళ్లకు బాక్సింగ్ పోటీలు పెట్టే వాదిరాజ్ అనే బెంగళూరు మనిషి ఆ వీడియో చూసే ఇతన్ని పట్టుకున్నాడు. సెల్‌ఫోన్ దుకాణం మూతపడింది, మేడ మీద ఇసుక సంచి వేలాడింది. మొదటి పోటీలోనే బళ్లారి కుర్రాడొకడిని పడగొట్టి, మైకు చేతికివ్వగానే ఈరేష్ అన్నాడు, ఇంట్లో రోజూ ప్రాక్టీస్ ఉంది కదా అని. హాలంతా నవ్వింది. ఆ నవ్వు రాయచూరు దాకా వచ్చేసరికి కోపమైంది. రిటైరైన టీచరు అంజమ్మ, ఆమె మహిళా సంఘం వాళ్లు కలిసి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు.

అంజమ్మ ఇంటికి కూడా వచ్చింది. నీ నోటితో చెప్పు తల్లీ, మిగతాది మేము చూసుకుంటాం అంది. అత్త పక్కనే నిలబడి ఉంది. సుప్రియ చాయ్ కలిపి ఇచ్చి, అట్లాంటిదేం లేదు టీచరమ్మా అంది. ఆవిడ చాయ్ సగంలోనే వదిలి లేచిపోయింది.

ఇప్పుడు హుబ్బళ్లిలో రెండో పోటీ. ఫిర్యాదు ఉంది కాబట్టి, భార్య వీడియోలోకి వచ్చి అదంతా నటనే అని చెబితేనే, ఎలా నటించారో చేసి చూపిస్తేనే పోటీ ఉంటుందని వాదిరాజ్ తేల్చేశాడు.

అమ్మకు ఫోన్ చేస్తే ఏమంటుందో సుప్రియకు తెలుసు. అయినా గబ్బూరుకు ఫోన్ చేసింది. అమ్మ అంతా విని మెల్లగా, "ఒక్క మాట అంటే నీదేం పోతది బిడ్డా? మీ నాయన కొడ్తే నేనెవరికి చెప్పిన?" అంది.

నాదేం పోతుంది? గిన్నెలు తోముతూ సుప్రియ ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించింది. ఆ వీడియో ఆమె ముఖాన్ని ఊరందరికీ పంచేసింది. ఆమె కోపం జనానికి నవ్వులాట అయింది. ఆమె కన్నీళ్లను బొమ్మలుగా చేసి ఎవరెవరో ఒకరికొకరు పంపుకున్నారు. వర్షిణి బడిలో పిల్లలు ఆ ఆట ఆడుతుంటే దెబ్బ తినే వంతు ఎప్పుడూ వర్షిణిదే. ఇంత పోయాక మిగిలింది ఒక్కటే. అది నిజంగా జరిగింది, నన్ను నిజంగానే కొట్టాడు అనే సంగతి. దాన్ని ఎవరికీ చెప్పకపోయినా అది తన దగ్గర ఉంది. నటన అని తన నోటితోనే అన్న తర్వాత తన దగ్గర ఇంకేముంటుంది? ఏడుపొచ్చింది సుప్రియకు. కుళాయి విప్పి ఉంచింది, అత్తకు వినపడకుండా.

మధ్యాహ్నం అదే వంటింట్లో లైటు నిలబెట్టింది ఆమే, ఫోను స్టాండుకు బిగించింది ఆమే. చెప్పాల్సిన మాట చెప్పేసింది. నటనే, మేమిద్దరం అనుకునే చేశాం అని. గొంతు కూడా వణకలేదు. అంత సులువుగా వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తర్వాత చేసి చూపించే వంతు. అతను చెయ్యి విసురుతాడు, చెంపకు తగలకుండా పోనిస్తాడు, ఆమె తల తిప్పుతుంది. నాలుగైదుసార్లు చేశారు.

"ఎట్లొచ్చింది?" అన్నాడు ఈరేష్.

సుప్రియ ఫోను తీసి చూసింది. పాత వీడియోను పక్కన పెట్టి పోల్చి చూసింది. ఇన్నేళ్లుగా అతను ఆ ప్రశ్న అడగడం, ఆమె ఉన్నదున్నట్టు చెప్పడం అలవాటు. ఆ అలవాటే నోరు తెరిచింది.

"కలుస్తలేదు. అండ్ల తల పోయినట్టు ఇండ్ల పోతలేదు. సుమ్నె, ఊకెనే తిప్పినట్టుంది. ఎవ్వరు నమ్మరు."

అన్నాక గాని తనేం అన్నదో ఆమెకు తెలియలేదు. ఈరేష్ ఆలోచనలో పడ్డాడు. గెడ్డం గోక్కున్నాడు. ఆ తర్వాత, ఎంతో సబబైన మాట చెబుతున్నవాడిలా, దాదాపు ప్రేమగా అన్నాడు.

"అయితే ఒక్కసారి నిజంగనే కొడ్త. అప్పుడే యాక్టింగ్ అని నమ్ముతరు."

గుమ్మంలో ఉన్న అత్త, "మెల్లగ కొట్టురా" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో సుప్రియ కోసం ఎవరైనా ఒక మాట అడ్డం వేశారంటే అదే. వద్దు అనాలనుకుంది సుప్రియ. అనకుండానే వెళ్లి, నేల మీద గీత గీసుకున్న చోట నిలబడింది, లైటు ముఖం మీద సరిగ్గా పడేలా.

ఈసారి కలిసింది.

సాయంత్రానికల్లా కోసి అతికించి పెట్టేసింది. జనం మెచ్చుకున్నారు. ఏం నటించావక్కా, సినిమాల్లో వాళ్లు కూడా పనికిరారు అని రాశారు. ఆమె చెంప ఇంకా మండుతోంది. ఆ మెచ్చుకోళ్ల కింద, అతని పేరు మీదున్న ఖాతాలోంచే ఆమె ఒక మాట రాసింది. యాక్టింగ్ కాదు అని. రాసి, చూస్తూ కూర్చుంది. నవ్వు బొమ్మలు వచ్చాయి. వందలుగా వచ్చాయి. అందులో వాదిరాజ్‌ది కూడా ఒకటి. ఈరేష్ చూసి, మంచిగ రాసినవే అని వీపు తట్టాడు.

మర్నాడు అతను హుబ్బళ్లికి బయల్దేరాడు. అత్త బస్టాండు దాకా సాగనంపడానికి వెళ్లింది. సుప్రియ వర్షిణిని బడిలో దింపి ఇంటికి రాలేదు. ఫోను ఇంట్లోనే గూట్లో పెట్టి వచ్చింది. అది చేతిలో లేకపోతే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుని నడిచింది. వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ అంజమ్మ ఇల్లు కనుక్కుంది.

అంజమ్మ వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. సుప్రియను చూసి లేవలేదు. కూర్చోమనలేదు. నిన్నటి వీడియో చూశామని, చూసి సంఘం వాళ్లంతా తలలు దించుకున్నారని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామని చెప్పింది. మమ్మల్ని ఇంత నవ్వులపాలు చేస్తారా మొగుడూ పెళ్లాలు అని అడిగింది.

"నిజంగనే కొట్టిండు టీచరమ్మా," అంది సుప్రియ. "అప్పుడు కొట్టిండు. నిన్న కూడా కొట్టిండు."

అంజమ్మ చేట పక్కన పెట్టింది. సుప్రియ ముఖం వైపు కాదు, ఆమె వెనక గేటు వైపు చూసింది. గోడ మీదికి చూసింది. ఎదురింటి మేడ మీదికి చూసింది. పైట సరిచేసుకుంది.

"కెమెరా ఎక్కడ పెట్టినవ్?" అంది.

సుప్రియ ఆ వరండా మెట్టు మీదే కూర్చుంది. రెండు అరచేతులూ తెరిచి ఒళ్లో పెట్టుకుంది.

"లేదు టీచరమ్మా. కెమెరా లేని కాడ చెప్పాలనే వచ్చిన."