కనురెప్ప మీద గుడ్డు

ఈజిప్టులో తంతా పట్నం పక్కన మా ఊళ్లో మట్టి బట్టీల్లో గుడ్లు పొదిగించడం మా తాతల నాటి వ్యాపారం. వంద గుడ్లు పెడితే ఎనభై పిల్లలవుతాయి. కైరోలోని వైరస్ పరిశోధనశాలకు మాత్రం పిల్లలు అక్కర్లేదు, పదో రోజు గుడ్లు కావాలి. ప్రాణమున్న గుడ్డులోనే వాళ్ల వైరస్ పెరుగుతుంది. పిల్లయ్యేందుకు పట్టే ఇరవై ఒక్క రోజుల్లో నాకు పదకొండు రోజుల పని తగ్గేది. అంత మంచి బేరం మళ్లీ తగల్లేదు.

కోళ్ల జబ్బు వచ్చిన మరుసటి ఏడాది అక్కడ ఒకే ఒక్క డాక్టరేట్ సీటు ప్రకటించారు. వైరస్ జన్యువులు ఎలా మారుతున్నాయో పరిశోధించాలి. మా బట్టీ మేస్త్రి కూతురు రబాబ్ దరఖాస్తు పెట్టింది. ఆ ఏడు రాకపోతే వయసు దాటిపోతుంది.

"బాబాయ్, ఇంటర్వ్యూకి నన్నూ నీ వ్యానులో ఎక్కించుకో."

"గుడ్ల అట్టలు ఒళ్లో పెట్టుకుంటానంటే ఎక్కు."

"హజ్ చేసొచ్చినా పిసినారితనం పోలేదు నీకు!"

పరిశోధనశాలలో ముగ్గురు అభ్యర్థులు. పొదుగు పెట్టెలోంచి బతికున్న గుడ్లు ఏరమంది అక్కడి పెద్ద డాక్టర్ ఈనాస్. మిగతా ఇద్దరూ దీపం పెట్టి చూశారు. రబాబ్ గుడ్డు తీసి, కళ్లు మూసుకుని, కనురెప్పకు ఆనించింది. మా బట్టీల్లో వేడి చూసేది అలాగే.

"ఏయ్! వైరస్ గదిలో గుడ్డు కంటికి పెట్టుకుంటావా? చావాలనుందా?" డాక్టర్ కేక పెట్టింది.

"తప్పయింది మేడమ్. అలవాటు..."

"బయటికి నడు."

రబాబ్ తలుపు దాకా వెళ్లి ఆగింది. "వెళ్తాను మేడమ్. కానీ పెట్టె బాగా వేడెక్కింది. సాయంత్రానికి గుడ్లన్నీ చచ్చిపోతాయి."

"మీటరు సరిగ్గానే చూపిస్తోందిగా," అన్నాడు కళ్లద్దాల అభ్యర్థి.

గుడ్ల అట్టలు దించుతున్న నేను కలగజేసుకున్నాను. "ఇంకో మీటరు పెట్టి చూడండి డాక్టరమ్మా. గుడ్లు చస్తే చెడేది నా పేరు."

పెట్టారు. ముప్పై ఏడున్నర డిగ్రీలు ఉండాల్సింది నలభై చూపించింది.

డాక్టర్ పెట్టె వేడి తగ్గించింది. తర్వాత, "లోపలికి రా. ఇక్కడ నీ చేయి గడ్డం దాటి పైకి రాకూడదు. ఒట్టెయ్," అంది.

రబాబ్ ఒట్టేసి చేతులు వెనక్కి కట్టుకుంది. జన్యువుల మీద రెండు గంటలు అడిగిన ప్రశ్నలన్నిటికీ అలాగే నిలబడి జవాబులు చెప్పింది. నాకొక్క ముక్క అర్థం కాలేదు. సీటు ఆమెకే వచ్చింది.

నాలుగేళ్ల తర్వాత గుడ్లకు బదులు సీసాల్లో కణాలు పెంచి పని జరిపించవచ్చని తేల్చింది కూడా ఆమే. నా బేరం అక్కడితో సరి. వ్యానులో పక్కన కూర్చోబెట్టుకుని మరీ తీసుకెళ్లాను!

ఇప్పుడు ఒక్క బట్టీయే మిగిలింది. పండక్కి రబాబ్ కహ్క్ బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టి, నేరుగా బట్టీలోకి దూరుతుంది. వెచ్చని గుడ్డొకటి కనురెప్పకు ఆనించుకుని అలాగే ఉండిపోతుంది.

"వేడి సరిపోయిందా?" అంటాను.

"ఉండు బాబాయ్, తొందరేముంది," అంటుంది.