మూఁడవ పేరు

శ్రావణమాసపుఁ గడపటి శుక్రవారమునాఁడు మధ్యాహ్నము మూఁడు గంటలవేళ పద్మగిరి సంస్థానపు ఉన్నత న్యాయస్థాన భవనముపై కాటుకవంటి మబ్బులు కమ్ముకొని దిగువ ఏటినీరు ఎఱ్ఱనై యొడ్డుల నొరసికొనుచుఁ బాఱుచుండఁగాఁ గొండచరియ చెట్లలో నొక్క యాకైనఁ గదలక యుక్కపోఁత యూపిరి సలుపనీయక యుండఁగా వసారాలోని వకీళ్లు తమ నల్లకోట్లు విప్పి భుజములపై వైచికొని మాటలాడుట మాని యాకాశమువంకఁ జూచుచు నిలుచుండిరి. నడవలో పట్టపగలే దీపములు పెట్టవలసివచ్చెను. ఆ వెలుతురులో గోడనున్న పటములలోని వృద్ధుల ముఖములు బ్రదికియున్నవారి ముఖములకంటె గంభీరముగాఁ గానవచ్చుచుండెను. వర్షము కురిసినను బాగుండునని యందఱు ననుకొనుచుండిరి గాని యది కురియలేదు.

ఈ భవనమును గుఱించియు నిందలి ప్రధాన న్యాయాధిపతి పదవిని గుఱించియు నాలుగు మాటలు చెప్పనిదే యీ కథ నడువదు. చదువువారికి విసుగు పుట్టినను నేను చెప్పక మానను. డెబ్బది యేండ్ల క్రిందటివఱకు పద్మగిరి రాజులే కొలువుకూటమునఁ గూర్చుండి తగవులు తీర్చుచుండిరి. కోపము వచ్చిన దినమున నొకతీరునను కడుపునిండ భుజించిన దినమున నొకతీరునను తీర్పులు వెలువడుచుండుటచేఁ బ్రజలు మొఱపెట్టుకొనఁగా నైదుగురు న్యాయాధిపతులతో నీ న్యాయస్థానము వెలసెను. ఐదుగురిలోఁ బెద్దవాఁడు ప్రధాన న్యాయాధిపతి. ఆయన మాటయే వేదమని లోకు లనుకొందురు. అది వట్టిమాట. తీర్పు చెప్పునపు డాయన మాటకు మిగిలిన నలువురి మాటలకున్న తూకమే కాని గురిగింజయెత్తైన నెక్కువ లేదు. ఆయనకుఁ బ్రత్యేకముగా నున్న యధికార మొక్కటే. ఏ వ్యవహారమును ఏ న్యాయాధిపతి వినవలయునో ప్రతి శుక్రవారమును స్వహస్తముతో నొక కాగితముపై వ్రాయును. ఎందుకట్లు వ్రాసితివని యడుగువాఁడు లేఁడు. ఇందుకని చెప్పవలసిన పనియు లేదు. చూచుటకు జానెడు కాగితమే గాని దానిని బలకపై నంటించుసరికి వకీళ్లు క్రిందుమీఁదులగుచుండిరి.

ఆ పదవి వహించి గతించిన యెనమండుగురి పటములే నడవలో వ్రేలాడునవి. అందు మూఁడవవాఁడు తనకు నచ్చని వ్యాజ్యముల నెల్లఁ జెవుడుగల యొక న్యాయాధిపతికిఁ బంపి వకీళ్ల గొంతులు బొంగురుపోవఁ జేసెనఁట. ఐదవవాఁడు మహానుభావుఁడు. ప్రాణముమీఁది వ్యవహారమున నిద్దఱు న్యాయాధిపతులకు భేదాభిప్రాయము గలిగినయెడల నన్యుని నియమింపక మూఁడవవాఁడుగాఁ దానే కూర్చుండి ప్రతి పుటయుఁ దానే చదివి మంచికిఁ జెడ్డకుఁ దన పేరే పెట్టెడివాఁడు. ఆఱేండ్లకే యాయన తల ముగ్గుబుట్టయైనది. ఆయన తరువాత వచ్చినవాఁ డిది మనవలనఁ గాదనుకొని వంతుల పుస్తకము నొకదానిఁ గల్పించెను. మూఁడవ న్యాయాధిపతి కావలసినపుడెల్ల నా పుస్తకమునందలి వరుసచొప్పునఁ బేరు వ్రాయవలయునని యేర్పాటు. చేతికి మట్టి యంటకుండఁ గాపాడు నుపాయము గావునఁ దరువాతివారికెల్ల నది మిక్కిలి నచ్చెను.

మన కథాకాలమునఁ దొమ్మిదవవారు ఓరుగంటి కోదండపాణి పంతులుగారు. ఆయన చెడ్డవాఁడని నేననను. లంచ మెఱుఁగఁడు. సిఫారసు వినఁడు. ఇంటికి వచ్చిన పండ్లబుట్టనైన గుమ్మములోనుండియే త్రిప్పిపంపును. ఉన్నలోప మొక్కటే. తనపై నలుగురు నొకమాట యనుకొందురన్న నాయన గుండె నీరైపోవును. మార్గశిరముతోఁ బదవీకాలము ముగియనుండఁగా దానిని మఱి రెండేండ్లు పొడిగింపవలయునను కాగితము దివానుగారి మేజాపై రెండు మాసములనుండి పడియుండెను.

ఆ శుక్రవారము పంతులుగారి యెదుట నున్న వ్యవహారము మైలపల్లి ఎఱ్ఱయ్య యను రేవు పడవవానిది. జ్యేష్ఠమాసపు వఱదలో నాతని పడవ బోల్తాపడి దివానుగారి బావమఱఁది మునిఁగి చనిపోయెను. ఎఱ్ఱయ్య యీఁది యొడ్డు చేరెను. ముందటి దినమున నా పెద్దమనుష్యుఁ డెఱ్ఱయ్యను రేవులో నందఱియెదుట చెప్పుతోఁ గొట్టియుండెను. అది మనసులోఁ బెట్టుకొని కావలెననియే పడవ నొఱగించెనని యావలియొడ్డుననున్న కావలివాఁ డొకఁడు సాక్ష్యము చెప్పెను. క్రింది న్యాయస్థాన మురిశిక్ష విధించెను. మునిఁగినవాఁడు చావఁగా నీవేల బ్రదికితివని యచటి న్యాయవాది గ్రుచ్చి గ్రుచ్చి యడిగెనఁట. పడవవానికి నీఁత రాకుండునా. ఆ యీఁతయే వాని పాలిటి నేరమయ్యెను.

ఉన్నత న్యాయస్థానమున నిద్దఱు న్యాయాధిపతులు దీనిని విచారించిరి. అంత వానలో నంత దూరమునుండి మనిషి చేయి యెటు కదలెనో చూచితినన్న మాట నమ్మరాదని యొకరు విడుదల వ్రాసిరి. సాక్షి చాలునని రెండవవారు ఉరి వ్రాసిరి. ఇఁక మూఁడవవారి మాటయే కడపటి మాట. మిగిలినవారిలో కవుటూరి భుజంగరాయలుగారు పండ్రెండేండ్లలో నొక్క యురినైన రద్దుచేసి యెఱుఁగరు. గుడిమెళ్ల వరదాచార్యులుగారు ఒంటి సాక్షిని నమ్మి యొక్కనినైన నురికిఁ బంపి యెఱుఁగరు. ఇది గుమ్మమునందలి బంట్రోతుకు సైతము తెలిసిన సంగతి. కాఁబట్టి యా కాగితముపై మూఁడవ పేరు వ్రాయుటయే యెఱ్ఱయ్యకు బ్రదుకో చావో వ్రాయుట.

రిజిస్ట్రారు పేరి సోమనాథముగారు వంతుల పుస్తకముతో లోపలికి వచ్చి యెప్పటివలె నెదుటఁ బెట్టక చంకలోనే యుంచుకొని నిలుచుండిరి. ముప్పదియేండ్లుగా నా గదిలో నిలుచున్న మనుష్యుఁడు.

"వంతెవరిది సోమనాథంగారూ?" అని పంతులుగా రడిగిరి.

"పుస్తకం ప్రకారం భుజంగరాయలుగారిదండి. కాని తమరితో ఒక్క మాట మనవి చేసుకోవాలి."

"చెప్పండి."

"ఆషాఢంలో వరదాచార్యులుగారు జ్వరంతో పదిహేను రోజులు మంచంమీద ఉన్నారు. ఆ రోజుల్లో వారి వంతొచ్చింది. జబ్బుపడ్డవారి వంతు ఆగుతుందే గాని పోదు. మన ఆనవాయితీ అది. గుమాస్తా తెలియక కొట్టేశాడు. నేనూ చూడకుండా సంతకం పెట్టేశాను. నిన్ననే కంటబడింది. తప్పు నాదేనండి. న్యాయంగా ఈ వంతు ఆచార్యులుగారిది."

పంతులుగారికి దివానుగారు జ్ఞప్తికి వచ్చిరి. దివానుగా రీ వ్యవహారమున నొక్క మాటయైన ననలేదు. మనిషి నంపలేదు. ఎదురుపడినపుడు సైతము వర్షములను గుఱించి పంటలను గుఱించి మాటలాడి వెడలిపోయిరి. ఏమైన ననియుండినచోఁ బంతులుగారు పౌరుషము తెచ్చుకొని యెదురు తిరిగియుందురేమో. ఏమియు ననకపోవుటచేతనే యాయనకు భయము వేసెను. ఇన్నాళ్లు దాను నీతిమంతుఁడననుకొన్నది నీతియో పిఱికితనమో యను సందేహ మొక్క క్షణము మనసునఁ బొడసూపఁగా దానిని వెంటనే యడఁచివైచెను.

"ఈవేళ దిద్దితే ఊళ్లో ఏమంటారు?"

"ఈ కేసుకోసమే దిద్దారని అంటారండి."

"దిద్దకపోతే?"

సోమనాథముగారు చంకలోని పుస్తకమును సవరించుకొని "ఎవరూ ఏమీ అనరండి. ఎవరికీ తెలియదు" అనిరి. మఱల నేమి తోఁచెనో "పోనీ తమరే కూర్చోకూడదా? ఐదో అయ్యవారు కూర్చునేవారు గదా" అని మెల్లగా ననిరి.

"ఆ రోజులు వేరు."

అని పంతులుగారు కాగితము దగ్గఱకుఁ దీసికొని తిన్నగా గుండ్రని యక్షరములతో భుజంగరాయలుగారి పేరు వ్రాసి సంతకము చేసి యద్దుడుకాగిత మొత్తిరి. పుస్తకమునం దున్నదియే వ్రాసితిని గదా ఇందు నేను కోరి చేసిన దేమున్నదని తమకుఁ దాము చెప్పుకొనిరి. ఆ మాటలోఁ గొంత యూఱటయుఁ గలిగెను. రిజిస్ట్రారు గుమ్మము దాఁటుచుండఁగాఁ బిలిచి "పుస్తకం వచ్చేవారం దిద్దించండి. ఆనవాయితీ చెడకూడదు" అనిరి.

"చిత్తం" అని సోమనాథముగారు కాగితమును గొనిపోయి పలకపై నంటింపించిరి. ముప్పదియేండ్లు చిత్తమన్న నోట మఱొక మాట రాలేదు. అట్లని యాయనను వదలిపెట్టుట నా కిష్టము లేదు. ఆయనయు దోషియే.

మంగళవారమునాఁడు భుజంగరాయలుగారు వాదములు గంటసేపు విని పది పంక్తులలో నుసురు తీసివైచిరి. వచ్చు వారపు గురువారమునాఁ డెఱ్ఱయ్యకు ఉరి. రాజుగారికి క్షమాభిక్ష విన్నపము చేసికొనవచ్చునని శాసనమున నున్నది. ఆ విన్నపము దివానుగారి చేతిమీఁదుగాఁ బోవలయును. అంతకంటె వివరింపఁ బనిలేదు.

ఆనాఁటి సాయంకాల మైదు గంటలకు నిన్నినాళ్లు బిగఁబట్టిన వర్షము కుండపోఁతగాఁ గురియుచుండెను. బండి వచ్చువఱకు పంతులుగారు ముందరి వసారా మెట్లపై నిలుచుండిరి. ప్రక్కన సోమనాథముగారు గొడుగు పట్టుకొని యుండిరి. వకీళ్లందఱు వెడలిపోయిరి. మెట్ల క్రింద వానలోఁ దడిసి ముద్దయైన యొక యాఁడుది నిలుచుండి వచ్చువారి ముఖములఁ బోవువారి ముఖములఁ జూచుచుండెను. పంతులుగారినిఁ జూచి రెండు మెట్లెక్కి చేతులు జోడించెను.

"బాబూ, తవరు ఈ కోర్టులో పని సేత్తారా?"

"ఎవరమ్మా నువ్వు?"

"నాను ఎర్రయ్య పెల్లాన్ని బాబూ. నూకాల్ని."

సోమనాథముగారు "తప్పుకోమ్మా, అయ్యగారు వెళ్లాలి" అని యడ్డముగా రాఁబోవఁగాఁ బంతులుగారు చేతితో వారించిరి. ఎందుకు వారించిరో యాయనకే తెలియదు.

"ఒక బాబు ఒగ్గెయ్యమన్నాడంట. ఒక బాబు ఉరి తియ్యమన్నాడంట. మూడో బాబొచ్చి ఉరే అన్నాడంట. వకీలుబాబు సెప్పినాడు" అని యామె యేడువక తొట్రుపడక చెప్పెను. "ఆ మూడో బాబుని ఎవులు పిలిసినారు బాబూ?"

అయిదువందల వ్యాజ్యములలో నెందఱో మేధావులైన వకీళ్లు పంతులుగారిని బ్రశ్నలతో నిలువరింపఁజూచియుండిరి. ఈ ప్రశ్న నింతవఱకు నెవ్వరు నడుగలేదు. 

"ఎవరూ పిలవలేదమ్మా. వంతు ప్రకారం వచ్చారు."

"మా రేవులోనూ పడవలకి వంతులున్నాయి బాబూ. వంతు సెప్పే పెద్దొకడుంటాడు. వంతు దానంతటది సెప్పుకోదు గదా. ఇక్కడ ఆ పెద్దెవులు?"

పంతులుగారు సోమనాథముగారివంకఁ జూచిరి. సోమనాథముగారు వానవంకఁ జూచిరి. అబద్ధమాడుట కెవ్వరి యడ్డును లేదు. బండి చప్పుడు గేటుకడ వినవచ్చుచునే యుండెను. ఒక్క నిమిషము నోరు మూసికొని నిలిచినఁ జాలును. అయినను నాయన కట్లు నిలుచుట చేతఁగాలేదు. సిగ్గు వేసెను. తన వయసును దన పదవియుఁ దన కట్టుబట్టయు సిగ్గుచేటుగాఁ దోఁచెను.

"నేనేనమ్మా" అనిరి.

ఆమె తిట్టును శపించును జుట్టు విరియఁబోసికొని మన్ను చల్లునని యాయన యెదురుచూచి యందులకు సిద్ధపడి నిలుచుండెను. ఆ స్త్రీ ముఖ మొక్కసారిగా విప్పారెను. తడిచేతులతో నాయన పాదములను గట్టిగాఁ బట్టుకొనెను.

"అయితే తవరే పిలవగలరు బాబూ. నాలుగో బాబుని పిలవండి. తెగిందాకా పిలవండి. ఇంకా తొమ్మిది దినాలున్నాయి గదా. మా మావ సంపలేదు బాబూ. ఆ నీటిలో పోయిన బాబుకోసం రెండుసార్లు మునిగినాడు. ఆడి బుజమ్మీద ఆ బాబు గోళ్లగుర్తులున్నాయి. ఎవులూ సూల్లేదు."

నాలుగవవారిని బిలుచు శాసనము పద్మగిరిలో లేదు. వ్రాసిన పేరును మార్చు నధికారము వ్రాసిన దినము సాయంకాలముతోనే తీఱిపోవును. ఇది యామెకుఁ జెప్పవలసిన మాట. రెండు ముక్కలలోఁ జెప్పవచ్చును. ముప్పది నాలుగేండ్లు శాసనములనే చెప్పిన నోరు పంతులుగారికిఁ బెగలలేదు.

బండి వచ్చి మెట్లకడ నిలిచెను. ఆమె పాదములు విడిచి కన్నులు తుడుచుకొని లోపలికిఁ బోవుట కాయనకు దారి యిచ్చుచు నొకప్రక్కకు జరిగెను. ఆయన పిలుచుటకే లోపలికిఁ బోవునని యామె నిశ్చయము. ఆ నమ్మికను దాఁటి బండివైపు నొక్క యడుగు వేయుట కాయనకుఁ గాళ్లాడలేదు. చూచి చూచి వెనుకకు మఱలి దీపములు వెలుఁగుచున్న నడవలోనికి నడచిపోయెను. లోపల నాయన చేయఁగల పని యేదియు లేదు.

నూకాలు కొంగు పిండుకొని మెట్టుమీఁదఁ గూర్చుండెను. సోమనాథముగా రామెతో నున్నమాట చెప్పవలయునని రెండుసార్లు నోరు తెఱచి రెండుసార్లు మూసికొనిరి. ఆయన కన్నులలో నీరు చూచి యామెకు జాలివేసెను.

"బెంగెట్టుకోకండి బాబూ" అని యామెయే యాయనకు ధైర్యము చెప్పెను. "పెద్దబాబు లోనకెల్లినాడు గదా. పిలుత్తాడు."