నా పిడిలో గలగల

నేను ఒక గొడుగుని. మామూలు గొడుగుని అనుకునేరు. నా కింద నిలబడ్డ మనిషి మీద ఇంతవరకూ ఒక్క చినుకు పడలేదు, ఎండ పొడ తగల్లేదు. పల్నాడు ఎండలు నన్ను చూసి పక్క జిల్లాకి బదిలీ పెట్టుకుంటాయి. గాలివాన నాకు నమస్కారం పెట్టి పక్క వీధిలోంచి వెళ్తుంది. అన్నిటికీ మించి, నేను అబద్ధమాడను.

ఈ మాటలు నరసరావుపేట బస్టాండులో మాత్రం అనకండి. అక్కడ నన్ను మొట్టమొదటిసారి తెరిచిన రోజు మాచర్ల బస్సొకటి పక్కనుంచి వెళ్తూ కాస్త గాలి కొట్టింది. గాలివాన కాదు, ఆర్డినరీ బస్సు. ఆ గాలికే నా ఎనిమిది ఊచలూ ఆకాశానికి చేతులెత్తేశాయి. నేను తలకిందులుగా విచ్చుకున్నాను. నా కింద ఉన్న మనిషి ఎండలో నిలబడి నన్ను చూసి నవ్వింది. బజ్జీల బండి దగ్గర వాళ్ళూ నవ్వారు.

సరే, ఆ ఒక్క విషయం వదిలేయండి. మిగతావన్నీ నిజాలే.

నేను ఎక్కడో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నల్లగుడ్డ, ఊచలు, మధ్యలో కమ్మీ, కింద వంకీ తిరిగిన ప్లాస్టిక్ పిడి. ఆ పిడి లోపలంతా బోలు, చివర ఒక మర మూత. అది ఎందుకు పెట్టారో చేసినవాళ్ళకే తెలియదు. మనుషులు తయారుచేసే వస్తువుల్లో సగానికి సగం ఇంతే, ముందు చేసేస్తారు, పని తర్వాత దొరుకుతుంది. నా మూతకి దొరికిన పని గురించే ఈ కథంతా.

నన్ను కొన్నది చెన్నకేశవులు. పొగాకు బేళ్ళు తూచే ఉద్యోగం చేసి మానుకున్న పెద్దాయన. నాతో కుక్కల్ని అదిలించాడు, అటక మీది డబ్బాలు లాగాడు, కబుర్లలో పడితే ఎదుటివాడి పొట్టలో పొడిచాడు. వానొస్తే మాత్రం నన్ను చొక్కా లోపల దాచుకుని తను తడుస్తూ ఇంటికొచ్చేవాడు. కొత్త వస్తువు, పాడైపోదూ మరి.

ఆయన కూతురు ప్రసూన. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే ఉద్యోగం. పెళ్ళయిన రెండో ఏడు ఆమె బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, వేళ్ళ కణుపులు వాచాయి, దువ్వెన పెడితే జుట్టు పిడికిళ్ళకొద్దీ వచ్చింది. గుంటూరులో పెద్ద డాక్టరమ్మ కనకవల్లిగారు అన్ని పరీక్షలూ చేసి లూపస్ అని తేల్చారు. ఒంటికి కాపలా కాయాల్సిన పోలీసులు దొంగల్ని వదిలేసి ఇంటివాళ్ళనే బాదే జబ్బు. ఎండ తగిలితే ఆ పోలీసులకి ఇంకా ఊపొస్తుంది.

చెన్నకేశవులు ఆ మాట విన్న మర్నాడే నన్ను పట్టుకుని బస్సెక్కాడు.

"ఎండ పడగూడదంట గదా తల్లీ. ఇది ఉంచుకో. కొత్తదే, నేనసలు తెరవలా."

అలా నేను ప్రసూన దాన్నయ్యాను. వాన లేని రోజుల్లో గొడుగేంటని వీధిలో ఆడవాళ్ళు అడిగితే, కోడలికి రంగు తగ్గుతుందని భయమని అత్తగారు శివమ్మ చెప్పేది. ఆ వీధిలో జబ్బుమనిషి అనిపించుకోవడం కంటే సోకులాడి అనిపించుకోవడమే గౌరవం. దాంతో ప్రసూనకి లేని గర్వం వచ్చింది, నాకు ఉన్న గర్వం రెట్టింపయింది.

మందులు వాడగా వాడగా జబ్బు లొంగింది. బుగ్గలు మామూలయ్యాయి. జుట్టు తిరిగొచ్చింది. అప్పుడు ప్రసూనకి బిడ్డ కావాలనిపించింది. అనిపించడం అంటే మామూలుగా కాదు. బస్టాండులో ఏ తల్లి చంకలో పిల్ల కనిపించినా మైకు ఆపేసి చూస్తూ ఉండిపోయేది. ఆ రోజుల్లో చిలకలూరిపేట వెళ్ళాల్సిన జనం సగం మంది వినుకొండలో తేలారని నా అంచనా.

భార్యాభర్తలిద్దరూ గుంటూరు వెళ్ళి అడిగారు. డాక్టరమ్మ వద్దనలేదు. ఆమె వేసుకుంటున్న రెండిట్లో తెల్లమాత్ర కడుపులో బిడ్డకి పడదు కాబట్టి ముందు దాన్ని ఆపేద్దామన్నారు. పసుపు మాత్ర మాత్రం ఇప్పుడూ, కడుపుతో ఉన్నప్పుడూ, కన్నాక కూడా వేసుకుంటూనే ఉండాలన్నారు. తెల్లమాత్ర ఆపాక జబ్బు కొన్ని నెలలు లేవకుండా పడుకుంటే అప్పుడు సరే అంటానని, అంతదాకా తొందరపడొద్దని చెప్పారు. నేను అక్కడే కుర్చీకి వేలాడుతూ విన్నాను. గొడుక్కి కూడా అర్థమయ్యేంత తేలిగ్గా చెప్పారావిడ.

ఇంటికొచ్చాక శివమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఒక మాటంది. చెడ్డ మనసుతో కాదు, ఊరికే అంది.

"మా రోజుల్లో బొప్పాయి ముక్క చూస్తేనే దడుచుకునేవోళ్ళం. ఇప్పుడోళ్ళు మందులు మింగతా కడుపు తెచ్చుకుంటారంట."

చిక్కుడుకాయల కూర ఆ పూటతో అయిపోయింది. ఆ మాట అవలేదు. ప్రసూన దాన్ని బస్టాండుకి మోసుకెళ్ళింది, మైకు ముందు పెట్టుకుని రోజంతా నమిలింది. ఒకే డాక్టరు, ఒకే చీటీ, ఒకే కడుపు. అందులో ఒక మాత్ర బిడ్డకి విషమైతే రెండోది మాత్రం అమృతమెలా అవుతుంది? ఒకటి ఆపమన్నారంటే రెండోదీ అనుమానమే కదా? ఇంకా పుట్టని బిడ్డ, ఇంకా కడుపులో కూడా పడని బిడ్డ, అప్పుడే ఆమె చేత తప్పు లెక్కలు వేయిస్తోంది.

పొద్దున్నే పసుపు మాత్ర ఇచ్చే బాధ్యత మొగుడు కోటేశుది. అతను మోటార్లకి వైండింగు చేస్తాడు. స్కూటరు తీసేముందు గేటు దగ్గర నిలబడి మాత్ర ఆమె అరచేతిలో పెట్టి, నీళ్ళ సీసా అందించి, తృప్తిగా కిక్కు కొట్టడానికి తిరిగేవాడు. ప్రసూన నీళ్ళు గటగటా తాగేది. మాత్ర గుప్పిట్లోనే ఉండేది. బస్టాండులో తన గదిలోకి వెళ్ళాక నా పిడి మూత తిప్పి లోపల వేసేది.

పారేయొచ్చుగా అంటారేమో. మందు పారేస్తే మందు పగబడుతుందని వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. పైగా మొగుడు చేత్తో పెట్టింది. మింగడానికి భయం, పారేయడానికి పాపం. మధ్యలో నేను దొరికాను.

అప్పట్నుంచి నేను నడుస్తుంటే గలగల. ఆమె అడుగు వేస్తే గలగల. కోటేశు సంగతి మీకు తెలియదు. ఏ వస్తువు చప్పుడు చేసినా విప్పి చూడందే అతనికి అన్నం సహించదు. పెళ్ళిపీటల మీద కూర్చుని తలంబ్రాలు పోస్తూ పైన ఫ్యాను చప్పుడు విని బేరింగు పోయిందన్న మనిషి. నన్ను చూసినప్పుడల్లా అతని చేతులు దురదపెట్టేవి.

"ఇటియ్యి, ఒక్కసారి విప్పి చూస్తా."

"మా నాన్న ఇచ్చింది, మీరు ముట్టుకోవద్దు. మా మిక్సీ విప్పి ఏం చేశారో గుర్తుంది."

మిక్సీ మాటకి అతను ఎప్పుడూ వెనక్కి తగ్గేవాడు. ఆ మిక్సీ స్విచ్చి వేస్తే ఇప్పటికీ పక్కింటి లైటు వెలుగుతుంది.

కొన్నాళ్ళకి నా చప్పుడు తగ్గింది. ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయింది. గొడుగు తనంతట తనే బాగుపడిందని కోటేశు దిగులుపడ్డాడు. నేను బాగుపడలేదు. నిండిపోయాను.

నేను నిండేకొద్దీ ప్రసూన వేళ్ళు పొద్దున్నపూట మళ్ళీ బిగుసుకోసాగాయి. జడ వేసుకోవడానికి అత్తగారిని పిలిచింది. బుగ్గల మీద ఎరుపు తిరిగొస్తే పౌడరు అద్దింది. నన్ను పట్టుకునే చెయ్యి నాకు తెలియదా? ఆ పట్టు వదులైంది. జబ్బు పడుకోలేదు, నిద్ర నటిస్తోంది. ఆమెకీ తెలుసు. కానీ ఇప్పుడు చెబితే మొగుడి ముఖం ఎలా చూడాలి?

గుంటూరు వెళ్ళాల్సిన రోజు వచ్చింది. బిడ్డ విషయం తేలే రోజది. కోటేశు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. డాక్టరమ్మ కాగితాలు చూసి, అద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. మూత్రంలో ప్రోటీన్ పోతోందని, జబ్బు కిడ్నీల వైపు చూస్తోందని చెప్పారు. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగారు.

"రోజూ నా చేత్తోనే ఇస్తన్నా మేడం," అన్నాడు కోటేశు. గుండెల మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నాడు.

అయితే ఈ మాత్ర ఈమెకి పనిచేయడం లేదని, పెద్దమందు మొదలుపెట్టక తప్పదని, దాంతో పిల్లల సంగతి ఇప్పట్లో తలపెట్టొద్దని చెప్పి ఆవిడ పెన్ను అందుకున్నారు.

అప్పుడు నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇన్నాళ్ళూ ఎవరి గుట్టూ బయటపెట్టని గొడుగుని, నా యజమానురాలి కోసం ప్రతిజ్ఞ తప్పాను. ఊపిరి బిగబట్టాను. ఊచలు బిగించాను. నా బలమంతా పిడిలోకి తెచ్చి మూతని ఒక్క తోపు తోశాను. మూత ఎగిరిపోయింది. పసుపు మాత్రలు జలజలా డాక్టరమ్మ బల్ల మీద, కాగితాల మీద, కోటేశు ఇస్త్రీ చొక్కా మీద కురిశాయి. నా కింద ఎవరి మీదా ఏదీ పడలేదన్నానే, ఆ మాట అక్కడితో సరి.

కోటేశు మాత్రల్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. ఏడుస్తాడనుకున్నాను, నిజానికి ఏడ్చాడు కూడా. డాక్టరమ్మ ఒక మాత్ర చేతిలోకి తీసుకున్నారు.

"మందు పనిచేయట్లేదనుకున్నా. పనిచేయకేం, గొడుగు ఎంత ఆరోగ్యంగా ఉందో చూడండి."

ప్రసూన తల దించుకుని బొప్పాయి దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పింది. డాక్టరమ్మ కేకలేయలేదు. పెన్ను మూత పెట్టేశారు.

"బిడ్డ కోసం మానేసే మందు వేరమ్మా. బిడ్డ కోసం వేసుకునే మందు వేరు. ఇది రెండోది. దీన్ని మానేస్తే జబ్బు లేస్తుంది, ఆ దెబ్బ మీ ఇద్దరికీ తగులుతుంది. అనుమానమొస్తే నన్నడుగు. గొడుగుని అడక్కు."

పెద్దమందు అప్పటికి ఆగింది. పసుపు మాత్ర మళ్ళీ మొదలైంది. నెలల లెక్క మొదటికొచ్చింది. ఈసారి మాత్ర వేయించే పని శివమ్మ తీసుకుంది. తను అన్న మాట ఎక్కడిదాకా పాకిందో తెలిశాక ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు నుంచి పోలీసైపోయింది. ఇంట్లో అందరూ చూస్తుండగా, "నోరు తెరువు అమ్మాయ్, నాలిక పైకెత్తు," అని చూసి గానీ కోడల్ని గేటు దాటనిచ్చేది కాదు. అలవాటులో ఒకసారి కోటేశు నాలిక కూడా ఎత్తించింది.

జబ్బు ఈసారి నిజంగానే పడుకుంది. డాక్టరమ్మ సరేనన్నారు. ఆ తర్వాత గుంటూరుకి ఎన్నిసార్లు తిరిగామో బస్సుకే తెలియాలి. ప్రతిసారీ రక్తం, మూత్రం, బీపీ, స్కానింగు, ప్రతిసారీ పసుపు మాత్ర.

ఇప్పుడు నేను తలుపు వెనక మేకుకి వేలాడుతున్నాను. గుడ్డకి రెండు చిల్లులు, ఒక ఊచ వంకర. కొత్త గొడుగు వచ్చింది, రంగుపూలది, బటన్ నొక్కితే తెరుచుకుంటుంది, దానికి సంస్కారం లేదు. అయినా నాకు పని ఉంది. నా పిడిని రోజూ ఒకరు శ్రద్ధగా కొరుకుతారు. ఆవిడ పేరు వకుళ, రెండు పళ్ళున్నాయి, రెండూ కిందివే. ఆవిడ కోసమే కోటేశు నా మూత తీసేసి ఆ కన్నం జిగురుతో పూడ్చాడు.

నిన్న పక్కింటావిడ వచ్చింది. ఆ వీధికి ఇప్పుడు జబ్బు సంగతి తెలుసు, శివమ్మే చెప్పింది, పైగా గర్వంగా చెప్పింది. శివమ్మ మనవరాల్ని ఒళ్ళో వేసుకుని, ఆ రోజు డాక్టరమ్మ ముందు గొడుగు దానంతటదే నోరు తెరిచిందని, అంతా కోటప్పకొండ దేవుడి మహిమని చెబుతోంది. నేను మేకు మీద కాస్త నిటారుగా అయ్యాను.

లోపల్నుంచి కోటేశు అందుకున్నాడు.

"దానంతటదెట్టా తెరుచుకుద్దమ్మా, మర మూత అది. రెండు చుట్లు తిప్పితే గానీ రాదు. ప్రసూనే నా చేతిలో పెట్టింది."

దొరికిపోయాను. సరే, చెప్పేస్తాను.

నేను ఊపిరి బిగబట్టలేదు. నాకు ఊపిరే లేదు. డాక్టరమ్మ పెన్ను అందుకున్నప్పుడు ప్రసూన నన్ను ఒళ్ళోకి తీసుకుంది. మూత తిప్పబోయింది. వేళ్ళు వాచి ఉన్నాయి, పట్టు దొరకలేదు. చీరకొంగు చుట్టి మళ్ళీ తిప్పింది, కదల్లేదు. అక్కడితో ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నన్ను పక్కన పెట్టేయొచ్చు, నేనైతే పెట్టేసేదాన్ని. ఆమె మాత్రం నన్ను మొగుడి చేతిలో పెట్టింది.

"ఎన్నాళ్ళనుంచో విప్పుతానంటున్నారుగా. విప్పండి."

అతను సంబరంగా విప్పాడు.

ఇందులో నేను చేసిందల్లా బల్ల మీద నుంచి జారి కింద పడకుండా నిలబడటం. అది కూడా, డాక్టరమ్మ పట్టుకున్నారు కాబట్టే.