ఏమీ కొనని సాయంత్రం

"ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా, ఈ చొక్కా కూడా కాస్త ఇస్త్రీ చేసిపెట్టు" అన్నాడు మా ఆయన. అప్పటికి నా చేతిలో ఇస్త్రీ పెట్టె, పొయ్యి మీద పాలు, నోట్లో జడకి పెట్టుకోవాల్సిన పిన్ను ఉన్నాయి. పిన్ను ఉండబట్టి జవాబు చెప్పలేదు. లేకపోయినా చెప్పేదాన్ని కాదేమో. పదకొండేళ్ళ కాపురంలో నోరు మూసుకోవడానికి పిన్ను అవసరం లేని స్థితికి వచ్చేశాను.

నేను కంటి ఆసుపత్రిలో రికార్డుల గదిలో పనిచేస్తాను. పాత రోగి పేరు వినబడితే చాలు, ఏ బీరువాలో ఏ అరలో ఆ ఫైలుందో నా కాళ్ళకి తెలుసు. మా ఇన్‌ఛార్జి రిటైరయితే ఆ కుర్చీ నాదేనని అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను. ఆ రోజే మేనేజరు, నిరుడు చేరినతన్ని వెంటబెట్టుకుని వచ్చి, "ఇకనుంచి ఈయనే ఇన్‌ఛార్జి. మీరు దగ్గరుండి పనంతా నేర్పించండి మేడమ్" అన్నాడు. నా మొహంలో ఏం కనబడిందో ఏమో, "మీకు ఇల్లూ వాకిలీ ఉంటాయి కదా, ఈ బరువు కూడా మీ నెత్తినెందుకని" అని నవ్వాడు. అంటే నా మీద జాలిపడి నా కుర్చీ ఇంకొకరికి ఇచ్చాడన్నమాట. మధ్యాహ్నం ఉండబట్టలేక మా ఆయనకి ఫోన్ చేశాను. "పోన్లే, మంచిదే అయింది. ఇంట్లో పనులే తెమలట్లేదు నీకు" అన్నాడు. ఇంకేమన్నా అంటాడేమోనని ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను. "వచ్చేటప్పుడు బ్లేడ్లు తీసుకురా" అన్నాడు.

సాయంత్రం నా కాళ్ళు బస్‌స్టాపు వైపు వెళ్ళలేదు. మనసు బాగాలేని రోజున అవి నన్ను అడగవు, కొట్ల వీధికి తీసుకుపోతాయి. పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటిది. బంగారం కొట్లూ చీరల కొట్లూ నాకు అక్కర్లేదు. అక్కడ గుమ్మంలో కాలు పెట్టగానే మీద పడిపోతారు. నాకు కావాల్సినవి మామూలు కొట్లు. సీసాల నిండా బొత్తాలు పోసిపెట్టిన కొట్టు, కాగితం వాసన వేసే పుస్తకాల కొట్టు, బకెట్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి మనిషెత్తు నిలబెట్టిన ప్లాస్టిక్ సామాన్ల కొట్టు. ఏముంది వాటిలో అంటే చెప్పలేను. ఇంట్లో బకెట్టు చూస్తే నానబెట్టాల్సిన బట్టలు కనిపిస్తాయి. పళ్ళెం చూస్తే తోమడం గుర్తొస్తుంది, కిటికీ చూస్తే దుమ్ము. కొట్లో బకెట్టు ఉత్త బకెట్టు. నీలంగా, మెరుస్తూ, తనపాటికి తానుంటుంది. దాన్ని చూస్తూ నిలబడితే నేనూ కాసేపు ఉత్త మనిషిని. కాకపోతే ఆలస్యానికి ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవాలి కదా, అందుకని ఒక దారపు ఉండ కొనుక్కుపోతాను. సొరుగు నిండిపోయింది. "ఈ దారాలతో ఊరందరి నోళ్ళూ కుట్టెయ్యొచ్చు" అంటాడాయన. ఆ ఊరందరిలో తన నోరు లేదని ఆయన ధీమా.

ఇనప సామాను కొట్లోకి వెళ్ళాను. తాళాలు, బందులు, మేకులు. లోపల చల్లగా, నూనె వాసనగా ఉంది. చివరి అర దగ్గర ఎవరో పెద్దావిడ అటు తిరిగి నిలబడి ఒక పెద్ద గడియని లాగుతోంది, తోస్తోంది. టక్, టక్. మళ్ళీ లాగుతోంది. ఆ ముడి, ఆ మెడ నాకు తెలుసు.

మా అత్తయ్య.

రోజూ సాయంత్రం స్నేహితురాలి ఇంటికని వెళ్ళే అత్తయ్య. కాపురానికొచ్చిన కొత్తలో ఓ రోజు నేను ఆలస్యంగా వస్తే, "ఆడది దీపాలు పెట్టే వేళకి గడపలో ఉండాలి" అన్న అత్తయ్య. వెనక్కి తిరిగి నన్ను చూసి గడియని చటుక్కున అరలో పెట్టేసింది. దొంగలిద్దరూ ఒకే ఇంటికి కన్నం వేసినట్టయింది మా పని.

"మీరేంటత్తయ్యా ఇక్కడ?"

"నువ్వేంటి?"

"దారం కొందామని."

"ఇనప కొట్లోనా?"

ముందు ఆవిడ నవ్వింది. తర్వాత నేను. నవ్వి నవ్వి, ఎక్కడ మారిందో తెలియలేదు, ఏడుస్తున్నాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కొట్టు బయట బల్ల మీద కూర్చోబెట్టింది. కుర్చీ సంగతి, నేర్పించమన్న సంగతి అన్నీ చెప్పాను.

"మీ మామయ్య అరిచిన రోజున నేనిలాగే వచ్చేసేదాన్ని" అంది అంతా విని. "ఉప్పు అయిపోయిందని చెప్పేదాన్ని. చెప్పాక కొనాలిగా! ఇంట్లో ఉప్పు ఓ సముద్రానికి సరిపడా ఉండేది. ఆ మనిషికి ఒక్కనాడూ అనుమానం రాలేదు. వంటింట్లోకి తొంగి చూస్తేగా!"

"ఆయన పోయి ఇన్నేళ్ళయిందిగా అత్తయ్యా. ఇంకా ఎందుకు?"

"అలవాటే. దిగులుకి చచ్చిపోయినవాళ్ళతో పనేముంది?"

"మరి నన్నెందుకన్నారు ఆ రోజు, ఆడది గడపలో ఉండాలని?"

"మా అత్త నన్నన్న మాటే అది. అదే నీకిచ్చాను. నీకివ్వడానికి నా దగ్గర ఇంకేం ఉందని?" అంది. తర్వాత మెల్లిగా, "తప్పేనే అమ్మాయ్" అంది.

ఇంతలో ఫోన్ మోగింది. మా ఆయన. "ఎక్కడున్నావ్? ఇంటికి తాళం వేసుంది. అమ్మ కూడా లేదు."

"కొట్ల దగ్గరున్నానండీ."

"ఏం కొంటున్నావ్?"

దారం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అత్తయ్య నా మొహంలోకే చూస్తోంది.

"ఏమీ కొనట్లేదు. ఊరికే తిరుగుతున్నాను."

"ఊరికేనా? ఊరికే ఎవరన్నా తిరుగుతారా?"

అత్తయ్య ఫోన్ లాక్కుంది. "ఒరేయ్, నేనూ ఇక్కడే ఉన్నాను. తాళంచెవి పక్కింట్లో ఇచ్చాను. ఆకలేస్తే పొయ్యి వెలిగించుకో, నువ్వేం చంటిపిల్లాడివి కాదు. మేమింకా దీపాల కొట్టు చూడలేదు." అవతల అమ్మా, అమ్మా అంటున్నా వినకుండా కట్ చేసి నా చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళు వెలుగుతున్నాయి.

ఇద్దరం వీధిలోకి దిగి నడిచాం. ఎంతో కాలానికి నా భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందికి దిగాయి. దీపాల కొట్టు తీరిగ్గా, అన్నీ ముట్టుకుని మరీ చూశాం. బయటికొస్తుంటే అత్తయ్య అడిగింది.

"రేపు ఆఫీసులో ఏం చెప్తావ్?"

"నేర్పనని చెప్తానత్తయ్యా. ఆ పని తెలిసింది నాకు, ఆ కుర్చీ కూడా నాకే ఇవ్వమని రాసిస్తాను." పైకి అనేదాకా అది నా నిర్ణయమని నాకే తెలియదు.

"ఇవ్వకపోతే?"

నేను ఆవిడవైపు తిరిగాను.

"ఇవ్వకపోతే ఎల్లుండి మళ్ళీ అడుగు. ఈలోగా సాయంత్రం ఇటొచ్చెయ్, నేనిక్కడే ఎక్కడో ఒకచోట ఉంటాను" అంటూ అత్తయ్య అప్పటికే గొడుగుల కొట్టు మెట్లెక్కుతోంది.