దేవుడమ్మ పిలిచిన ఇనుము

పొద్దున్నే దేవుడమ్మ గుమ్మంలో కూర్చుని, "ఎవరికైనా దెబ్బలున్నాయేటి?" అని అడుగుద్ది. లేవంటేనే "అట్లపెనమా, రా" అంటాది. పెనం వంటింట్లోంచి గాల్లో తేలి వచ్చి ఆమె ఒళ్ళో వాలుద్ది.

కిరండూల్ రైల్వే క్వార్టర్లలో ఇది అందరికీ తెలిసిందే. ముప్పై ఏళ్ళు అక్కడి గనిలో ఇనప రాయి కొట్టిన మనిషి. ఇనుము ఆమె మాట వింటాది. నూతిలో బకెట్టు పడిపోతే పక్కింటోళ్ళు ఆమెనే తీసుకెళ్తారు. పేరు పెట్టి పిలవాలి. దగ్గర్లో ఎవరికైనా పచ్చి దెబ్బ ఉంటే అసలు పిలవకూడదు. రక్తంలో కూడా ఇనుము ఉంటాది కదా, అదీ లేచి వచ్చీద్ది.

ఆ రోజు మనవరాలు కరుణశ్రీ "లేవు మామ్మా" అంది. అబద్ధం. ప్యాంటు కింద ఎడం మోకాలు చీరుకుపోయి ఉంది. పెనం కదలగానే కట్టు కింద రక్తం ఎగిరిపడింది. అరచేత్తో అదిమి పట్టుకుంది.

దెబ్బ చూపిస్తే మామ్మ పోటీకి పంపదు. అడవిలో కొత్తగా క్యాంపు పెట్టినోళ్ళు, టూరిస్టుల్ని కొండ దారుల్లో సైకిళ్ళ మీద తిప్పడానికి ఒక్క గైడు కావాలన్నారు. కొండ మీంచి ఎవరు తొందరగా దిగితే వాళ్ళదే ఉద్యోగం. గెలిస్తే ఇద్దరిలో ఒకరే గెలవాలి. కరుణశ్రీ, లేకపోతే పక్క లైను శ్యామ్‌ప్రసాద్.

ఆ మోకాలు చీల్చింది కూడా వాడే. ముందురోజు సాధన చేస్తుంటే, దిగుడులో పక్కనే వచ్చి ఆమె సైకిల్ని కాలితో తన్నాడు. ఎర్ర రాళ్ళ మీద ఇరవై అడుగులు దొర్లింది. లేచి, హెల్మెట్ తీసి, వాడి మూతి మీద కొట్టింది. పెదవి పగిలి పన్ను ఊడింది.

"రేపు దిగు, నీ పీక ఉండదు" అన్నాడు రక్తం ఉమ్మేసి.

"ముందు నీ పన్ను ఏరుకోరా" అంది.

పోటీలో కొండ మీంచి ఒక్కొక్కర్నీ వదిలారు. శ్యామ్‌ప్రసాద్ ముందు దిగాడు. దిగి, ఎవరికీ కనపడకుండా అడ్డదారిన మళ్ళీ పైకెక్కాడు. ఆఖర్న కరుణశ్రీ. ఇప్పచెట్ల మధ్య దారి మనిషి వెడల్పు కూడా లేదు. వేర్లు చక్రాన్ని కొడుతున్నాయి, తునికి కొమ్మలు చేతులు గీరేస్తున్నాయి. ఎదురుగా ఒక అడవిపంది. అది తప్పుకోలేదు. కరుణశ్రీ దాని వీపు మీంచే సైకిల్ని దూకించింది.

చివరి మలుపు దగ్గర బండ మీద, పోటీకి దారి చూపే జెండా పట్టుకుని కొండ ఊరి మనిషి జోగ ఉన్నాడు. అతనికి కింద పొదలో ఏదో మెరుస్తూ కనపడింది. పందుల ఉచ్చుకి వాడే ఇనప తీగ. ఒక కొస చెట్టుకి కట్టి, ఇంకో కొస పిడికిలికి చుట్టుకుని శ్యామ్‌ప్రసాద్ కూర్చున్నాడు. ఆమె రాగానే మెడ ఎత్తుకి లాగుతాడు.

"అమ్మా! పిల్ల పీకకి తీగ కట్టిండు!" అని జోగ అరిచాడు.

కొండ కింద, పోటీ చూడ్డానికి వచ్చిన జనంలో దేవుడమ్మ లేచి నిలబడింది. దెబ్బల సంగతి అడగలేదు, పేరు కూడా పెట్టలేదు.

"ఇనుమా, రా!"

తీగ చెట్టు బెరడు ఒలుచుకుని లేచింది. శ్యామ్‌ప్రసాద్ పిడికిట్లోంచి జారుతూ నాలుగు వేళ్ళూ ఎముక దాకా కోసేసింది. సైకిలు కరుణశ్రీని విసిరేసి, ఒక్కటే కిందకి ఎగిరిపోయింది. మోకాలి కట్టు తెగింది. ఆమె రక్తం, వాడి రక్తం రెండు ఎర్ర దారాల్లా ఆకుల మధ్య నుంచి పాకుతూ వచ్చి, దేవుడమ్మ కాళ్ళ దగ్గర దుమ్ములో కలిసిపోయాయి.

"ఓలమ్మో, ఇది నా గుంటపిల్ల రక్తమే! దెబ్బల్లేవని సెప్పిందే!"

పైన కరుణశ్రీ పెదాలు తెల్లబడుతున్నాయి. దేవుడమ్మకి పిలవడమే తెలుసు, పంపడం తెలీదు. ఆ ఇంట్లో డ్యూటీకి వెళ్ళేవాళ్ళతో "ఎల్లి రా" అంటారే తప్ప, వొట్టినే పొమ్మని ఎవరూ అనరు. 'రా' అంటే మళ్ళీ వచ్చీద్ది. ఆమె వంగి రక్తం మీద చెయ్యి పెట్టింది.

"ఎల్లిపో" అంది. "ఎక్కడి నుంచి వచ్చేవో అక్కడికి ఎల్లిపో. మరి రాకు."

రక్తం కదిలింది. కానీ అప్పటికే కలిసిపోయింది. సగం కరుణశ్రీలోకి ఎక్కింది, సగం శ్యామ్‌ప్రసాద్‌లోకి ఎక్కింది.

ఆస్పత్రిలో నర్సు కరుణశ్రీ మోకాల్లో సూది దింపగానే పక్క మంచం మీద శ్యామ్‌ప్రసాద్ కేక పెట్టాడు, తన ఎడం మోకాలు పట్టుకుని. దాని మీద గీత కూడా లేదు. వాడి వేళ్ళు కుడుతుంటే కరుణశ్రీ దుప్పటి కొరికింది.

క్యాంపోళ్ళు వస్తే వాడే చెప్పాడు, "తీగ కట్టింది నేనే. ఉద్యోగం దానికే ఇచ్చీండి. నాకొద్దు."

'మరి రాకు' అన్నాక ఇప్పుడు పెనం పిలిచినా రాదు. దేవుడమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి తనే తెచ్చుకుంటాది.

కొండ మీద టూరిస్టుల ముందు కరుణశ్రీ సైకిలెక్కి నిలబడుతుంది. తెల్లారకముందే శ్యామ్‌ప్రసాద్ ఆ దారంతా నడిచి రాళ్ళేరతాడు, ఉచ్చులు విప్పుతాడు, ముళ్ళకంపలు తీసేస్తాడు.

"ఏరా శ్యామూ, మలుపు కాడ బండరాయి వదిలీసేవేటి?" అని ఓ రోజు అరిచింది పైనుంచి.

"అది కదలదే! మెల్లగా దిగవే, నీకు దండం పెడతాను!"

కరుణశ్రీ నవ్వి, బ్రేకు మీంచి చెయ్యి తీసేసింది. కింద శ్యామ్‌ప్రసాద్ తన మోకాలు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకున్నాడు.