నాన్నమ్మ కారుకి మూపురం

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళం నాన్నమ్మ, నాన్న, డెంజిల్ పెదనాన్న, నేను, పిల్లి. అమ్మకి ఆసుపత్రిలో డ్యూటీ, అందుకని ఆమె లెక్కలోకి రాదు. నిజానికి పిల్లి కూడా ఇంట్లో లేదు, షెడ్డులో కారు సీటు మీద పడుకుని ఉంది. కానీ ఆ రోజంతా అందరం షెడ్డులోనే ఉన్నాం కనుక దాన్నీ కలిపాను. మధ్యాహ్నం పెంగిల్లీ గారు వచ్చారు. ఆయన ఇంటి మనిషి కాదు. ఇంజిన్ మార్చిన కార్లను ఆయన పరీక్ష చేసి సరే అంటేనే అవి రోడ్డెక్కాలి.

కారు నాన్నమ్మది. తాతయ్య పెళ్ళికి ముందు కొన్న ఆకుపచ్చ కారు, రెండే సీట్లు, పైకప్పు లేదు. తాతయ్య పోయిన తర్వాత దాని ఇంజిన్ కూడా పోయింది. చాలాకాలం షెడ్డులో దుప్పటి కప్పుకుని పడి ఉంది. కిందటి చలికాలంలో నాన్నమ్మ కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి, "దానికి కొత్త ఇంజిన్ పెట్టండిరా, పెద్దది," అంది.

"ఎంత పెద్దది?" అన్నాడు నాన్న.

"పట్టినంత."

పొలంలో తుక్కుగా పడి ఉన్న ఒక పెద్ద కారు నుంచి ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ విప్పి తెచ్చారు. పక్కల నుంచి అది చక్కగా పట్టింది. పైనుంచే పట్టలేదు. ఎయిర్ ఫిల్టర్ అడ్డం వచ్చి బానెట్ జానెడు పైనే ఆగిపోయేది. అందుకని పెదనాన్న బానెట్‌కి గుండ్రంగా కంత కోశాడు. ఆ కంత మీద ఫైబర్‌తో మూపురం లాంటిది ఒకటి చేసి బిగించాలి. ఆ పని తన ఇంటి దగ్గర చేసి తెస్తానన్నాడు.

నేను చెబుతున్న రోజుకి మర్నాడు మా ఊరు మూంటాలో పాత కార్ల ఊరేగింపు. ఈసారి నాన్నమ్మ కారు అందరికంటే ముందు నడవాలని ఊరివాళ్ళు నిర్ణయించారు. గొడవంతా అక్కడే మొదలైంది. నడిపేది తనేనంది నాన్నమ్మ.

"అమ్మా, నువ్వు కూర్చుంటే స్టీరింగ్ పైన నీ టోపీ ఒక్కటే కనిపిస్తుంది," అన్నాడు పెదనాన్న. "ఖాళీ కారు దానంతటదే పోతోందనుకుంటారు జనం."

"అనుకోనీరా. దయ్యం నడుపుతోందని భయపడి దారి ఇస్తారు."

చివరికి ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. పెంగిల్లీ గారు రోడ్డు మీద ఎర్ర కోన్ ఒకటి పెట్టి, సీట్లో కూర్చున్నవాళ్ళకి అది బానెట్ పైనుంచి కనిపిస్తోందా అని చూస్తారు. నాన్నమ్మకి కనిపిస్తే నాన్నమ్మ నడుపుతుంది. కనిపించకపోతే పెదనాన్న నడుపుతాడు. ఇద్దరూ భోజనాల బల్ల మీదుగా చేతులు కలిపారు. పెదనాన్న అప్పటికే ఉన్ని టోపీ, తోలు గ్లౌజులు కొనుక్కున్నాడని మాకెవరికీ తెలియదు. ఆ రోజు పొద్దున ఆయన బండి ముందు సీట్లో చూశాను. టోపీకి ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

పొద్దున ఆయన మూపురాన్ని దుప్పట్లో చుట్టుకుని తెచ్చాడు. దుప్పటి తీయగానే నాన్న టీ కప్పు కింద పెట్టాడు.

"అన్నయ్యా, ఇది పసిపిల్లకి స్నానం చేయించే తొట్టిలా ఉంది."

"ఇంజిన్ ఊగుతుందిరా. ఊగినప్పుడు తగలకుండా చోటు ఉండొద్దూ?"

"ఊగుతుందా, ఎగురుతుందా?"

పెదనాన్న వంగి మరలు బిగించాడు. నాన్నమ్మ పిల్లిని పక్కకి నెట్టి డ్రైవరు సీట్లో కూర్చుంది. వీపు నిటారుగా పెట్టింది, మెడ సాచింది, చివరికి స్టీరింగ్ పట్టుకుని కొంచెం పైకి లేచింది.

"కూర్చునే చూడాలమ్మా," అన్నాడు పెదనాన్న చాలా మర్యాదగా.

"మూపురం కనిపిస్తోంది. ఊరు కనిపించడం లేదు."

"ఏం చేస్తాం చెప్పు. పెద్ద ఇంజిన్ కావాలన్నది నువ్వే కదా."

  నాన్నమ్మ కారు దిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనూ వెనకే వెళ్ళాను.

ఊరేగింపు ముందు రోజు మా వీధిలో ప్రతి ఇంట్లో కుంకుమపువ్వు బన్నులు చేస్తారు. పెద్ద గిన్నెలో పసుపుపచ్చటి పిండి, ఎండుద్రాక్షలు, ఈస్ట్ కలిపి పొద్దున్నే పెట్టేసింది నాన్నమ్మ. ఆ పిండిని బల్ల మీద వేసి కొట్టింది. బన్నులకి అన్ని దెబ్బలు అవసరం లేదు.

"మీ తాతయ్య నన్నెప్పుడూ పక్క సీట్లోనే కూర్చోబెట్టాడే," అంది నా వైపు చూడకుండా. "తాళం ఎక్కడ దాచేవాడో కూడా చెప్పలేదు. పోయిన తర్వాత పొగాకు డబ్బాలో దొరికింది. రేపొక్కరోజు ఆ సీటు నాదనుకున్నాను."

 నాకు మాటలు గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోతాయి. తలూపాను. కానీ ఆ పిండి ముద్దను చూస్తుంటే పెదనాన్న మట్టి ఉండలు గుర్తొచ్చాయి.

ఈ కారు పని మొదలైనప్పటి నుంచీ బానెట్ కింద ఏది బిగించినా పెదనాన్న ముందు మట్టితో పరీక్ష చేసేవాడు. పిల్లలు ఆడుకునే మెత్తటి మట్టిని ఉండ చేసి ఎయిర్ ఫిల్టర్ మీద పెడతాడు. బానెట్ మూసి, మళ్ళీ తెరుస్తాడు. ఉండ అప్పడమైపోతే చోటు చాలదని అర్థం. వేలు మందాన మిగిలితే సరిగ్గా ఉన్నట్టు. "ఎలా పెట్టావో అలాగే గుండ్రంగా ఉందనుకో, ఆ మూపురం చేసినవాడికి బుర్ర లేదని అర్థం," అని నాకు నేర్పింది ఆయనే. ఈరోజు మాత్రం ఆ పరీక్ష చేయలేదు. మట్టి డబ్బా అల్మరాలో దాని చోట లేదు. ఎక్కడుందో నాకు తెలుసు. బండిలో గ్లౌజుల కింద ఉంది.

అన్నదమ్ములిద్దరూ పాస్టీలు, అంటే మాంసం కూరిన పెద్ద కజ్జికాయల్లాంటివి, తినడానికి ఇంట్లోకి వచ్చారు. నేను ఒక చిన్న పిండి ఉండ తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. దాన్ని ఫిల్టర్ మూత మీద పెట్టి బానెట్ మెల్లగా దించి, మళ్ళీ ఎత్తాను. ఉండ గోళీలా గుండ్రంగానే ఉంది. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి నా పిడికిలంత ముద్ద తెచ్చాను. దించాను, ఎత్తాను. ముద్ద నెత్తిన అద్దిన పొడి పిండి కూడా చెదరలేదు.

నాన్నమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాలనుకున్నాను. అలా అయితే మాట్లాడే పని ఉండదు. తలుపు దాకా వచ్చేసరికి పెదనాన్న ఎదురయ్యాడు. నోటి పక్కన పాస్టీ తునక అంటుకుని ఉంది.

"తప్పుకోవే. క్లెమ్ పెంగిల్లీ బయల్దేరాడట, ఫోన్ చేశాడు." లోపలికి చూడనైనా చూడకుండా బానెట్ ధడాలున వేశాడు. సీట్లోకి వంగి తాళం తిప్పాడు. షెడ్డు రేకులు అదిరాయి. పిల్లి ఎటు పారిపోయిందో ఎవరికీ తెలియదు.

"వేడెక్కనీ," అన్నాడు ఆయన చేతులు రుద్దుకుంటూ.

పిడికిలంత ఈస్ట్ పిండి, కింద వేడి ఇంజిన్. అది మట్టి కాదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. చెప్పాలని నోరు తెరిచాను.

"ఏమే, అలా గుటకలు మింగుతున్నావు? పాస్టీ గొంతులో ఇరుక్కుందా?"

తల అడ్డంగా ఊపాను.

పెంగిల్లీ గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో టార్చిలైటుతో ఉంటారు. ఇంజిన్ ఆపించకుండానే కారు చుట్టూ తిరిగారు. కింద పడుకుని చూశారు, బ్రేకులు తొక్కించారు, పొగ వాసన చూశారు. నేను మాత్రం బానెట్ అంచులనే చూస్తున్నాను, అక్కడి నుంచి ఏమైనా పసుపుపచ్చగా బయటికి వస్తుందేమోనని. ఏమీ రాలేదు. కానీ చలిగాలిలో ఇంజిన్ ఆయిలు వాసనతో పాటు కుంకుమపువ్వు వాసన మెల్లగా వస్తోంది. నాన్న రెండుసార్లు ముక్కు ఎగరేసి వంటింటి వైపు చూశాడు.

కారును వీధి వైపు తిప్పారు. కోన్ పెట్టారు. నాన్నమ్మ కూర్చుంది.

"ఎక్కడ పెట్టావు క్లెమ్?"

"ఎదురుగానే ఉంది పిన్నిగారూ."

"ఎదురుగా ఉంటే కనిపించదా? నాకు కళ్ళజోడు కూడా లేదు, నీకే ఉంది."

పెంగిల్లీ గారు కిందికి వంగి, నాన్నమ్మ చెంప పక్కన చెంప పెట్టి ముందుకి చూశారు. నిట్టూర్చారు. పెదనాన్న మెల్లగా తన బండి దగ్గరికి వెళ్ళి టోపీ తెచ్చుకున్నాడు. పెట్టుకోలేదు, చేతిలో పట్టుకుని సవరిస్తున్నాడు. నాన్నమ్మ అది చూసింది. ఆమె రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. తీయలేదు.

"ఇలా అయితే మీరు నడపడానికి నేను ఒప్పుకోలేను పిన్నిగారూ," అన్నారు పెంగిల్లీ గారు. "సరే, ఆ ఇంజిన్ ఆపి బానెట్ ఎత్తండి. బిగింపు కూడా చూసి వెళ్తాను."

పెదనాన్న హుషారుగా ఎత్తాడు.

 ఎయిర్ ఫిల్టర్ మీద క్యాబేజీ అంత పిండి ముద్ద కూర్చుని ఉంది. పసుపుపచ్చగా, నున్నగా, నిగనిగలాడుతూ, అక్కడక్కడా ఎండుద్రాక్షలతో.

"ఇది ఏం పార్టు?" అన్నారు పెంగిల్లీ గారు.

"ఒరిజినల్ అయితే కాదు," అన్నాడు నాన్న.

"అది నా పిండి!" సీట్లోంచి లేచింది నాన్నమ్మ. ఆమె నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. అది చాలు ఆమెకి.

పెంగిల్లీ గారి వాళ్ళమ్మ కూడా మా వీధిలోనే బన్నులు చేసేది. ఆయన వేలితో ముద్దను మెల్లగా నొక్కారు. గుంట అలాగే నిలిచింది. "బాగా పొంగింది, ఇక ఓవెన్‌లోకే," అని టార్చి తీసి మూపురం లోపలికి వెలుగు వేశారు. లోపలంతా శుభ్రంగా ఉంది. ఒక్క పిండి మరక లేదు.

"డెంజిల్, ఇంత పొంగింది కూడా నీ పైకప్పుకి తగల్లేదయ్యా. ఇక్కడ అద్దెకి ఇంకొకరిని పెట్టొచ్చు. మట్టి పెట్టి చూశావా?"

"అంటే... గుంతల రోడ్డు మీద..."

"పెట్టలేదు," అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు. చెవులు మండిపోయాయి. అయినా ఒకసారి తెరుచుకున్న నోరు ఆగలేదు. "మట్టి డబ్బా బండిలో ఉంది. గ్లౌజుల కింద."

"ఏం గ్లౌజులు?" అంది నాన్నమ్మ.

పెదనాన్న టోపీని వెనక జేబులో కుక్కుకున్నాడు. ధర చీటీ మాత్రం బయటే ఉండిపోయింది. నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు అదురుతున్నాయి.

నాన్నమ్మ అరవలేదు. వంటింట్లోకి వెళ్ళి పాస్టీ అంచులు కోసే పళ్ళ చక్రం తెచ్చింది. "ఒరేయ్, ఈ ముద్ద ఎత్తుతో పని లేదు, ఇంజిన్‌కి ఎంత చోటు కావాలో అంతే చెప్పు. నిజం చెప్పు." పెదనాన్న మట్టి డబ్బా తెచ్చి ఉండ పెట్టాడు, కొలిచాడు, తల గోక్కున్నాడు. వేలితో చూపించాడు. నాన్నమ్మ మూపురం అంచు చుట్టూ చక్రం దొర్లించి గీత వేసింది. ఆ గీత మీద పెదనాన్నే రంపం పెట్టి కోశాడు. దుమ్ముతో ఆయన కనుబొమలు తెల్లబడ్డాయి. ఆయన కోస్తున్నంతసేపూ పెంగిల్లీ గారు నాన్నమ్మ పెద్ద గిన్నెలోని పిండితో కాల్చిన బన్నులు తింటూ, "ఎడమ పక్క కొంచెం, ఇంకొంచెం," అంటూ ఉన్నారు. అన్నింటికంటే పెద్ద బన్నులు నాన్న తిన్నాడు.

మళ్ళీ బిగించారు. మట్టి వేలు మందాన మిగిలింది. రంగు వేసే తీరిక లేదు. ఆకుపచ్చ బానెట్ మీద బూడిదరంగు మూపురం, అంచున పాస్టీకి ఉన్నట్టు పళ్ళ గీత.

నాన్నమ్మ కూర్చుంది. ఈసారి మెడ సాచలేదు.

"కనిపిస్తోందా పిన్నిగారూ?"

"కోన్ మీద పిట్ట రెట్ట వేసింది. తుడిచి తెచ్చుకోలేవూ?"

పెంగిల్లీ గారు నవ్వి సరే అన్నారు. బన్ను తిన్న చేతులు రుమాలుకి తుడుచుకుని నాన్నమ్మ చేయి పట్టుకుని ఊపారు.

"సముద్రం ఒడ్డు దాకా ఒకసారి పోయి వస్తా," అంది నాన్నమ్మ. తాళం తిప్పింది. ఇంజిన్ ఉరిమింది. ఎదురింటివాళ్ళ కర్టెన్లు జరిగాయి.

పెదనాన్న రెండో వైపు వెళ్ళి తలుపు తెరిచాడు. ఆయనే ఎక్కుతాడనుకున్నాం.

"నువ్వొద్దు," అంది నాన్నమ్మ. "కొడుకులు పక్కన కూర్చుంటే బ్రేకు లేని చోట కాలు నొక్కుతారు."

"నేను ఎక్కడం లేదమ్మా." ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "లొవెన్నా, ఎక్కు తల్లీ."

"నేనా?"

"ఈరోజు నీకు నోరు వచ్చింది కదా. రేపు అందరికంటే ముందు కారులో మీ నాన్నమ్మ పక్కన నువ్వే. ఊరంతా రెండు వైపులా నిలబడి చూస్తుంది. చెయ్యి ఊపుతూ నవ్వాలి."

"వద్దు పెదనాన్నా. నాన్న కూర్చుంటాడు."

"నేను ఫొటోలు తీయాలి," అన్నాడు నాన్న వెంటనే.

"ఎక్కవే," అంది నాన్నమ్మ. ఆమె ముఖం చూశాను. పొద్దున పిండిని కొట్టిన మనిషి కాదు. నా వయసు పిల్లలా ఉంది. ఎక్కాను. సీటు బాగా కిందికి ఉంది. అక్కడి నుంచి చూస్తే వీధి మొత్తం నా వైపే చూస్తున్నట్టు ఉంది. ఎదురింటావిడ గేటు దాకా వచ్చి చెయ్యి కూడా ఊపింది.

దిగిపోదామని ఒక కాలు బయటికి పెట్టబోయాను. పెదనాన్న వంగి ఆ కాలిని ఎంతో జాగ్రత్తగా లోపల పెట్టి, తలుపు వేసేశాడు.